కొన్నప్పుడు సరుకు, అమ్మబోతే లైసెన్సు

రాజధాని రాజకీయాలకు అంకితమైన ఈ శీర్షికలో వీడియో ఆటల ప్రసక్తి ఎందుకని పాఠకులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సహజమైనదే. కాని ఆస్తి అంటే ఏమిటి, కొనుగోలు అంటే ఏమిటి, రొక్కం చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువు మీద మనిషికి ఎంతవరకు అధికారం ఉంటుంది అనేవి రాజకీయ ప్రశ్నలు కావని ఎవరూ అనలేరు. భూమి విషయంలో ఈ ప్రశ్నల మీదనే మన దేశంలో ఉద్యమాలు నడిచాయి, ప్రభుత్వాలు మారాయి. ఇప్పుడవే ప్రశ్నలు అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ బిళ్ళ రూపంలో మళ్ళీ ముందుకు వచ్చాయి. ఆడి ముగించిన ఆటను మరొకరికి అమ్ముకునే హక్కు కొన్నవాడికి ఉన్నదా, లేదా? సూటిగా జవాబు చెప్పవలసిన చట్టం చాలాకాలం తడబడింది. అది తడబాటు సర్దుకునే లోపల కంపెనీలు చట్టంతో నిమిత్తం లేకుండా తమ జవాబు తాము చెప్పుకుంటున్నాయి. ఆ జవాబు కొన్నవాడికి అనుకూలమైనది కాదు.

నేల కింది బజారు

కన్నాట్ ప్లేస్ నడిబొడ్డున నేల కింద నిర్మించిన పాలికా బజారు ఢిల్లీ చూడవచ్చిన తెలుగువారిలో చాలామందికి పరిచితమే. ఎమర్జెన్సీ రోజుల్లో కూల్చివేసిన కాఫీ హౌస్ స్థలంలో 1970వ దశకం చివర వెలసిన ఈ మార్కెట్లో చొక్కాలు, చేతి గడియారాలు, ఫోను తొడుగులు అమ్మే కొట్ల మధ్యన వీడియో ఆటల కొట్లు ఉన్నాయి. అక్కడ జరిగేది ఒట్టి అమ్మకం కాదు, మార్పిడి. ఆడి ముగించిన డిస్కును కుర్రవాడు తెచ్చి ఇస్తాడు. దుకాణదారు దానిని వెలుతురుకెదురుగా పట్టి గీతలు పడ్డాయేమో చూస్తాడు. ఒక ధర కడతాడు. ఆ ధర పోను మిగతా సొమ్ము పుచ్చుకుని మరో ఆట ఇస్తాడు. పల్లెల్లో వడ్లు కొలిచి ఉప్పు తెచ్చుకున్న రోజులను గుర్తుకు తెచ్చే వ్యాపారమిది.

ఇటీవల అక్కడికి వెళ్ళినప్పుడు ఒక దుకాణదారుతో కొంతసేపు మాట్లాడాను. పాత ఆటల మారుబేరం వల్ల కొత్త ఆటల అమ్మకాలు పడిపోతున్నాయని కంపెనీలంటున్నాయి కదా అని అడిగాను. ఆయన నవ్వి, "సాబ్, కొత్త ఆట కొనే కుర్రవాడి జేబులో డబ్బు ఎక్కడిదనుకుంటున్నారు? పాత ఆట నాకు అమ్మిన డబ్బే కదా" అన్నాడు. అర్థశాస్త్రం చదివినవారు పాత సరుకు బజారు గురించి చెప్పే మాట కూడా ఇంచుమించు ఇదే. తిరిగి అమ్ముకోగల వస్తువుకు జనం ఎక్కువ ధర పెట్టడానికి వెనుకాడరు. అమ్ముకోవడానికి వీలులేనిదాని ధర ఆ మేరకు తగ్గాలి. అలా తగ్గుతున్నదా అన్నదే ప్రశ్న.

సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 5 యంత్రం మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చినప్పుడు దానికోసం తయారైన పెద్ద ఆటల్లో కొన్నింటి ధర 4,999 రూపాయలు. మధ్యతరగతి ఇంట్లో ఆ మొత్తం పిల్లవాడి ఆటకు ఖర్చు పెట్టడమంటే పండుగ బట్టలు మానుకోవడమే. ఆ ధరకు ఆట కొనగలిగే కుటుంబాలు కొద్ది. ఆ కొద్దిమంది ఆడి వదిలిన ప్రతి రెండో చేతికి, మూడో చేతికి దిగుతూ ఉంటేనే తక్కినవారికి ఆ వినోదం దక్కుతుంది.

ఒక విషయం స్పష్టం చేయాలి. నేను సమర్థిస్తున్నది దొంగ ప్రతుల వ్యాపారాన్ని కాదు. నకిలీ సరుకుకు పేరుపడిన బజార్లంటూ అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే జాబితాలో పాలికా బజారు పేరు కూడా చేరింది. 2021 సంవత్సరపు జాబితాలో అది ఉన్నది. నకిలీ సరుకు నకిలీ సరుకే. కాని కంపెనీ ముద్రించి, కంపెనీ ధరకే అమ్మి, పన్ను కూడా వసూలైన అసలు డిస్కు చేతులు మారడం వేరు. ఒకే గొడుగు కింద రెండూ జరుగుతున్నంత మాత్రాన రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పుస్తకానికొక నీతి, ఆటకొక నీతి

హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్ పేవుమెంట్ల మీద, కోఠీ కొట్లలో పాత పుస్తకాలు కొనని విద్యావంతుడు అరుదు. ఢిల్లీలో దరియాగంజ్ పేవుమెంట్ల మీద దశాబ్దాలు సాగిన ఆదివారపు పుస్తకాల బజారు 2019లో అక్కడినుంచి కదిలి మహిళా హాట్ ఆవరణకు చేరింది. స్థలం మారిందే తప్ప ఆ వ్యాపారం చట్టవిరుద్ధమని ఎవరూ అనలేదు. అనడానికి వీలులేదు కూడా. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పుస్తకాల విషయంలో రచయితకు, ప్రచురణకర్తకు ఉన్నది కొత్త ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు మాత్రమే. ఒకసారి అమ్ముడైన ప్రతి అప్పటికే చెలామణిలో ఉన్నట్టుగా భావించాలని చట్టమే వివరణ ఇచ్చింది. అంటే మొదటి అమ్మకంతోనే ఆ ప్రతి మీద ప్రచురణకర్త అదుపు తీరిపోతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాముల విషయానికి వచ్చేసరికి పార్లమెంటు వేరే దారి తొక్కింది. 1994 సవరణలో, అంతకుముందు అమ్ముడైనా, అద్దెకిచ్చినా సరే, ప్రోగ్రాము ప్రతిని అమ్మే హక్కు, కిరాయికిచ్చే హక్కు కాపీరైట్ యజమానిదేనని రాశారు. ఆ వాక్యాన్ని అక్షరాలా అమలు చేసి ఉంటే పాలికా బజారులో ప్రతి మార్పిడీ నేరమై ఉండేది. సినిమాల విషయంలోనూ ఇదే రకపు వాక్యం ఉన్నది. వీడియో ఆట అనేది ఒకవైపు ప్రోగ్రాము, మరోవైపు తెరమీద కదిలే బొమ్మ. కనుక రెండు వైపుల నుంచీ దానికి సంకెళ్ళే.

1999 సవరణలో ప్రోగ్రాములకు సంబంధించి "అంతకుముందు అమ్ముడైనా సరే" అన్న అర్థమిచ్చే మాటలను తొలగించారు. సినిమాలకు సంబంధించిన మాటలు మాత్రం మరో పుష్కరకాలం కదలలేదు. 2012 సవరణతో కాని అవి పోలేదు. నిషేధం చేర్చడానికి ఒక్క సవరణ చాలింది. దానిని తీసివేయడానికి రెండు సవరణలు, పద్దెనిమిది సంవత్సరాలు పట్టాయి. ఇప్పటికీ పుస్తకాలకు ఇచ్చినంత స్పష్టమైన అభయం ఆటలకు చట్టంలో లేదు. వ్యాపార దృష్టితో ఆటలను అద్దెకివ్వడం నేటికీ యజమాని అనుమతి లేకుండా కుదరదు. అమ్మకం సంగతి మాత్రం తొలగించిన మాటలనుంచి తీసిన తాత్పర్యం మీద ఆధారపడి ఉన్నది.

ఇదే చిక్కును జపాన్ న్యాయస్థానాలు ఎలా విప్పాయో గమనించడం మనకు ఉపయోగకరం. వీడియో ఆటలకు పేరుపొందిన ఆ దేశంలో కాప్‌కామ్, ఎనిక్స్ వంటి నిర్మాణ సంస్థలకు, పాత ఆటలు అమ్మే దుకాణాలకు మధ్య వ్యాజ్యాలు నడిచాయి. సినిమా ప్రతుల పంపిణీ మీద నిర్మాతకు జపాన్ చట్టం ప్రత్యేక హక్కు ఇచ్చింది. ఆట కూడా సినిమా వంటిదే కనుక ఆ హక్కు తమకూ వర్తిస్తుందని సంస్థలు వాదించాయి. 2002 ఏప్రిల్ 25న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆట సినిమా వంటిదేనని ఒప్పుకున్నది. కాని థియేటర్లకు పంపే ప్రింట్ల కోసం పుట్టిన హక్కును ఇంటింటికీ అమ్మే ప్రతులకు అంటగట్టరాదన్నది. మొదటి అమ్మకంతోనే ఆ హక్కు తీరిపోయిందని తేల్చింది. మన పార్లమెంటు 2012లో చేరుకున్న చోటికి జపాన్ కోర్టు పదేళ్ళు ముందుగా చేరుకున్నది.

2013 నాటి రగడ

చట్టం కలిసిరానప్పుడు యంత్రం చేత పని చేయించవచ్చునన్న ఆలోచన కంపెనీలకు రాకపోలేదు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తన ఆటల పెట్టెలో ఒక్కసారికి మాత్రమే పనిచేసే సంకేతపు చీటీ పెట్టడం మొదలుపెట్టింది. పాత డిస్కు కొన్నవాడు ఇతరులతో కలిసి నెట్ ద్వారా ఆడాలంటే ఆ చీటీకోసం మళ్ళీ డబ్బు కట్టాలి. జనం విసుక్కున్నారు. 2013లో ఆ సంస్థ దానిని మానుకున్నది.

అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఇంకా పెద్ద అడుగు వేయబోయింది. జూన్ 6న ఎక్స్‌బాక్స్ వన్ యంత్రానికి వర్తించే నిబంధనలను ప్రకటించింది. యంత్రం 24 గంటలకొకసారి కంపెనీ సర్వర్‌ను పలకరించాలి. పాత ఆటను తిరిగి అమ్మడానికి వీలుంటుందా లేదా అన్నది ఆట ప్రచురణకర్త ఇష్టం. వీలున్నా, అంగీకరించిన దుకాణాల ద్వారానే అమ్మాలి. స్నేహితుడికి ఉచితంగా ఇవ్వదలిస్తే అతడు కనీసం 30 రోజులుగా యంత్రంలోని మిత్రుల జాబితాలో ఉండాలి. అదీ ఒక్కో ఆటకు ఒక్కసారే. స్నేహానికి కూడా గడువు తేదీ వేసిన ఈ నిబంధనలు ప్రపంచమంతటా దుమారం లేపాయి. నాలుగు రోజుల తరువాత పోటీదారైన సోనీ తన కొత్త యంత్రంలో పాత ఆటలకు ఎటువంటి ఆంక్షలూ ఉండవని సభాముఖంగా ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నది. ఆట ఎలా పంచుకోవాలో చూపడానికి ఒక ఉద్యోగి మరో ఉద్యోగి చేతికి డిస్కు అందించే చిట్టి చిత్రాన్ని కూడా విడుదల చేసింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కు తగ్గింది.

ప్రజాభిప్రాయం గెలిచిన సందర్భంగా దీనిని చాలామంది కీర్తించారు. అందులో నిజం లేకపోలేదు. కాని తరువాతి కథ వేరు. ఆంక్ష పెడతామంటే ఎదిరించిన జనం, డిస్కే లేని యంత్రాన్ని కాస్త తక్కువ ధరకు ఇస్తామంటే ఆనందంగా కొనుక్కున్నారు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ యంత్రానికి డిస్కు పెట్టే నోరే లేదు. అదే ఏడు సోనీ కూడా డిస్కు పెట్టడానికి వీలులేని నమూనాను పక్కనే పెట్టి అమ్మింది. చప్పట్లు కొట్టించుకున్న కంపెనీయే ఇది చేసిందని గమనించాలి. నెట్ నుంచి దించుకున్న ఆట కొన్నవాడి ఖాతాకు అతుక్కుని ఉంటుంది. దానిని పాలికా బజారుకు పట్టుకుపోలేము. మన దేశంలో ఎక్కువమంది ఆడుతున్నది ఫోను మీదనే కనుక, అక్కడ పాత ఆట అన్న మాటకు మొదటినుంచీ అర్థమే లేదు. 2013లో ముందు గుమ్మం దగ్గర ఆగిపోయిన ఆంక్ష పెరటి దారిన ఇంట్లోకి వచ్చి కూర్చున్నది.

ఆంధ్రప్రదేశ్ గెలిచిన కేసు

కొన్నది సరుకా, లైసెన్సా అన్న వివాదంలో మన రాష్ట్రం పేరు మీద ఒక ముఖ్యమైన తీర్పు ఉన్నది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసు అది. దుకాణంలో అమ్మే తయారు సాఫ్ట్‌వేర్ మేధోసంపత్తి మాత్రమేనని, కంటికి కనిపించే సరుకు కాదని, దానిమీద అమ్మకపు పన్ను చెల్లదని కంపెనీ వాదించింది. మేధస్సు ఫలమైనా సరే, ఒక డిస్కు మీదికి ఎక్కి బజారుకు వచ్చిన తరువాత అది సరుకేనని ప్రభుత్వం వాదించింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది.

మరో పదహారేళ్ళకు, 2021 మార్చి 2న, ఆదాయపు పన్నుకు సంబంధించిన ఇంజనీరింగ్ ఎనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. విదేశీ సాఫ్ట్‌వేర్‌కు మనవారు చెల్లించే సొమ్ము కాపీరైట్ వాడకానికిచ్చే రాయల్టీయేనన్న ఆదాయపు పన్ను శాఖ వాదాన్ని తోసిపుచ్చింది. కొనేవాడికి దక్కుతున్నది కాపీరైట్ కాదు, కాపీరైట్ ఉన్న ఒక వస్తువు ప్రతి మాత్రమేనన్నది. కాగితం మీద లైసెన్సని రాసుకున్నా అసలు జరిగింది సరుకు అమ్మకమేనన్నది. 1999లో తొలగించిన మాటల ప్రాముఖ్యాన్ని కూడా ఆ సందర్భంగా ప్రస్తావించింది. అయితే కంపెనీలు తమ ఒప్పందాల్లో రాసుకునే పునర్విక్రయ నిషేధం చెల్లదని మాత్రం ఆ తీర్పు చెప్పలేదు. ఆ ప్రశ్న కోర్టు ముందు లేదు.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే విచిత్రమైన పరిస్థితి కనిపిస్తుంది. పన్ను వేసే వేళకు అది సరుకు. విదేశీ కంపెనీ పన్ను తప్పించుకునే వేళకూ అది సరుకే. జీఎస్టీ నిబంధనలు కూడా పాత సరుకుల వ్యాపారాన్ని గుర్తించి, దుకాణదారుకు మిగిలిన తేడా మీద మాత్రమే పన్ను కట్టే వెసులుబాటు కల్పించాయి. కాని కొన్నవాడు దానిని తిరిగి అమ్ముకోబోయే వేళకు ఎవరూ చదవని నలభై పేజీల ఒప్పందం అడ్డం వచ్చి, నీవు కొన్నది సరుకు కాదు, మేము ఎప్పుడైనా రద్దు చేసుకోగల అనుమతి అంటుంది. రాష్ట్రానికి సరుకు, కంపెనీకి సరుకు, పౌరుడికి మాత్రం లైసెన్సు! ఒకే వస్తువుకు మూడు వాకిళ్ళ ముందు రెండు పేర్లు ఉండడం న్యాయమనిపించుకోదు.

నిర్మాతల మాట

నిర్మాతల వాదాన్ని కూడా వినాలి. పాత డిస్కు చేతులు మారినప్పుడు ఆట తయారుచేసినవారికి పైసా కూడా ముట్టదు. హైదరాబాదు, బెంగళూరు, పూనా నగరాల్లో ఆటలు తయారుచేసే మన యువకుల చిన్న సంస్థలకు ఇది పట్టనట్టు ఊరుకోదగిన విషయం కాదు. పైగా డిస్కుకు గీతలు పడతాయి. పుస్తకం చివికిపోతుంది. నెట్ నుంచి దించుకున్న ప్రతి నూరో చేతికి వెళ్ళినా కొత్తదానిలాగే ఉంటుంది. అటువంటి పాత ప్రతికి, కొత్త ప్రతికి తేడా ఏమిటని వారు అడుగుతారు.

ఐరోపా న్యాయస్థానాలు ఈ ప్రశ్న దగ్గర రెండు రకాలుగా మాట్లాడాయి. 2012 జూలైలో ఒరాకిల్ సంస్థకు సంబంధించిన కేసులో, శాశ్వతంగా వాడుకోవడానికి అమ్మిన సాఫ్ట్‌వేర్‌ను నెట్ ద్వారా దించుకున్నా సరే తిరిగి అమ్ముకోవచ్చునని ఐరోపా యూనియన్ న్యాయస్థానం చెప్పింది. 2019 డిసెంబరులో ఎలక్ట్రానిక్ పుస్తకాల విషయంలో అదే న్యాయస్థానం, అరగని తరగని ప్రతి కొత్తదానికి పోటీ అవుతుందన్న కారణంతో ఎదురు తీర్పు చెప్పింది. ఆటలు ఏ కోవలోకి వస్తాయన్నది ఫ్రాన్సులో తేలింది. స్టీమ్ అనే ఆటల అంగడి నడిపే వాల్వ్ సంస్థ మీద అక్కడి వినియోగదారుల సంఘం వేసిన దావాలో 2019 సెప్టెంబరులో పారిస్ కోర్టు కొన్నవారి పక్షాన నిలిచింది. 2022 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగవేసింది. 2024 అక్టోబరులో అత్యున్నత న్యాయస్థానం అప్పీలు తీర్పునే ఖాయం చేసింది.

అరగదు, తరగదు అన్న వాదంలో బలం ఉన్నది కాని, అది అర్ధసత్యం. ఉబిసాఫ్ట్ సంస్థ 2014లో అమ్మిన "ది క్రూ" అనే కార్ల పందెపు ఆట 2024 మార్చి 31న సర్వర్లు మూసివేయడంతో ఒక్కసారిగా ఆగిపోయింది. డిస్కు చేతిలో ఉన్నవారికి కూడా అది పనికిరాకుండా పోయింది. పదేళ్ళు నిండకుండానే చచ్చిపోగల వస్తువును ఎప్పటికీ అరగనిదని ఎలా అంటాము? ఈ ఉదంతం తరువాత ఐరోపాలో అమ్మిన ఆటలను చంపవద్దంటూ సాగిన సంతకాల ఉద్యమం 2025 జూలైలో పది లక్షల గీటు దాటింది. కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి నెట్‌లో ఇటువంటి సరుకు అమ్మేటప్పుడు దక్కేది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలన్నది. హక్కు ఇవ్వకపోయినా నిజమైనా చెప్పించింది.

తయారీదారు కష్టార్జితానికి కూడా మార్గం లేకపోలేదు. అమ్మినవాడి ఖాతాలో ఆట మూసుకుపోయి కొన్నవాడి ఖాతాలో తెరుచుకునేటట్టు చేయడం కంపెనీలకు కష్టమైన పని కాదు. ఆ మార్పిడి జరిగినప్పుడల్లా తయారీదారుకు చిన్న వాటా దక్కే ఏర్పాటూ చేయవచ్చు. 30 రోజుల స్నేహాన్ని లెక్క పెట్టగలిగిన యంత్రం ఈ లెక్క పెట్టలేదా?

పార్లమెంటు పలకవలసిన మాట

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద ఒక చట్టం చేసింది. డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-క్రీడలకు గుర్తింపునిచ్చింది. పందెపు ఆటలవల్ల కుటుంబాలు గుల్లయిన మాట నిజం కనుక నిషేధాన్ని తప్పుపట్టలేము. కాని పందెం జోలికి పోకుండా నాలుగైదు వేలు పెట్టి ఆట కొనుక్కునే పౌరుడికి ఏ హక్కులున్నాయన్న విషయంలో ఆ చట్టానికి పలుకు లేదు. ఉభయసభల్లో ఒక్కొక్క రోజులోనే గట్టెక్కిన బిల్లులో ఇటువంటి ప్రశ్నలకు తీరిక ఉండదు మరి.

చట్టంలో ఆయుధాలు బొత్తిగా లేవని కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్షపు ఒప్పందాలను ప్రశ్నించే అధికారం రాష్ట్ర కమిషన్లకు, జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. ఆటల ఒప్పందాల్లోని పునర్విక్రయ నిషేధాన్ని, రాత్రికి రాత్రి రద్దు చేసే అధికారాన్ని ఆ గీటురాయి మీద పరీక్షించవచ్చు. పుస్తకాలకు ఇచ్చినట్టే, ఒకసారి అమ్ముడైన ఆట కూడా చెలామణిలో ఉన్న ప్రతియేనని కాపీరైట్ చట్టంలో ఒక్క వాక్యం చేర్చవచ్చు. కొనుగోలు అనే బొత్తాము నొక్కించుకున్నవారు కొనుగోలుకు ఉండే హక్కులన్నీ ఇవ్వాలని, ఇవ్వలేనివారు అద్దె అనే మాటనే వాడాలని, ధర కూడా అద్దెకు తగినట్టుగా ఉంచాలని శాసించవచ్చు. వీటిలో ఏదీ విప్లవం కాదు. మన ముత్తాతల కాలంనుంచి సంతలో నడుస్తున్న ధర్మమే.

ఇవాళ ఆటల విషయంలో మనం ఊరుకుంటే రేపు ఈ పద్ధతి ఆటల దగ్గరే ఆగదు. పాఠ్యపుస్తకాలు తెరమీదికి ఎక్కుతున్నాయి. ట్రాక్టర్లలోను, కార్లలోను ప్రోగ్రాములు కూర్చుంటున్నాయి. పై తరగతికి వెళ్ళిన అన్న పుస్తకాలు తమ్ముడికి రావడం, పాత ట్రాక్టరును రైతు సంతలో అమ్ముకోవడం రేపు ఏ కంపెనీ అనుమతి మీద ఆధారపడతాయో ఎవరు చెప్పగలరు? కొన్నదానిని అమ్ముకోగలిగినవాడే యజమాని. ఈ సామాన్య సూత్రాన్ని పార్లమెంటు మరో సవరణలో స్పష్టంగా రాసిపెట్టేదాకా, మన తెలుగు సభ్యులు ఏ పక్షంవారైనా సరే, ఈ ప్రశ్నను సభలో లేవనెత్తుతూనే ఉండాలి. ఒకనాడు ఈ వివాదాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్ళి సరుకు సరుకేనని చెప్పించిన రాష్ట్రంవారికి ఆ బాధ్యత కొంత ఎక్కువగానే ఉన్నది.